పాదమును పట్టి ఉంచేది, విడిచిపెట్టేది

ఈ నెల మేము వ్రాస్తున్న సంగతి చాలా చిన్నదిగా కనబడవచ్చును. సైకిలు తొక్కేటప్పుడు పాదము జారకుండా దానిని పెడల్‌కు పట్టీతో కట్టుకోవడము మంచిదా, లేక బూటు అడుగున బిగించిన లోహపు ముక్కతో పెడల్‌కు తగిలించుకోవడము మంచిదా అన్నదే ఆ సంగతి. మన పల్లెలలో సైకిలు తొక్కేవారికి సాధారణముగా ఈ రెండింటితోను పని ఉండదు. హవాయి చెప్పులతోనో ఉత్త కాళ్లతోనో రబ్బరు పెడల్ తొక్కుకుంటూ పొలము వెళ్తారు, వస్తారు. మా ఇంటిలో మాత్రము రెండు సంవత్సరముల క్రిందట ఈ ప్రశ్న పుట్టి, భోజనముల దగ్గర, వాకిట్లో, ఫోనులో కూడ చాలాకాలము నడిచినది. మా చిన్న కుమారుడు తన పనికి వెళ్లడము, మానడము దీని మీదనే ఆధారపడినది గనుక ప్రియ చదువరులు కొంచెము ఓపికతో వినవలెనని కోరుతున్నాము.

మాది పశ్చిమ గోదావరి డెల్టాలో కాలువ గట్టున ఉన్న ఊరు. మా చిన్నవాడు 1987లో పుట్టినాడు. మన దేశములో పల్స్ పోలియో కార్యక్రమము 1995లో మొదలైనది. మా వానికి జ్వరము వచ్చినది 1989లో, రెండవ ఏట. జ్వరము తగ్గినది గాని కుడి కాలు పడిపోయినది. 2011 జనవరి తరువాత మన దేశములో ఆ అడవి పోలియో క్రొత్తగా ఎవరికీ రాలేదనీ, 2014 మార్చిలో మనకు పోలియో లేని ప్రాంతముగా ధ్రువీకరణ వచ్చినదనీ పేపరులో చదివిన రోజు మేమిద్దరము ఆ కాగితమును చాలాసేపు చేతిలో పట్టుకొని కూర్చున్నాము. సంతోషమే. కాని ఆ సంతోషములో ఏమి కలిసి ఉన్నదో మా వంటి తలిదండ్రులకు వేరుగా చెప్పనక్కరలేదు.

నేల మీద నడిచేటప్పుడు వాడు కుడి చేతిని తొడ మీద ఆనించి, మోకాలు ముడుచుకుపోకుండా నొక్కుకుంటూ నడుస్తాడు. సైకిలు ఎక్కితే ఆ అవసరము లేదు. ఎడమ కాలు తొక్కుతుంది, కుడి కాలు పెడల్‌తోపాటు తిరుగుతుంది. మా ఊరికి ఆరు కిలోమీటర్ల దూరములో ఒక రైసు మిల్లులో లెక్కలు వ్రాసే పనికి పదిహేను సంవత్సరములుగా సైకిలు మీదనే వెళ్తున్నాడు. "మూడు చక్రాల స్కూటరు కొనుక్కోవచ్చు కదరా" అని అడిగినవారు చాలామంది. వానికి మా ఇంటి పెద్దల మొండితనము కొంచెము వచ్చినది. "సైకిలు మీద వెళ్తుంటే వెనుక నుండి చూసినవారికి నేను ఎవరో ఒక మనిషిని, అంతే. దిగిన తరువాతనే కుంటివాడిని" అని ఒకసారి వాళ్ల అమ్మతో అన్నాడు. తరువాత మేము స్కూటరు మాట ఎత్తలేదు.

అయితే బలము లేని పాదము పెడల్ మీద తనంత తాను నిలువదు. పాదము ముందరి భాగము క్రిందికి వ్రేలాడుతుంది. గతుకు వస్తే ప్రక్కకు జారుతుంది. కుడి వైపే చైనూ, పళ్ల చక్రమూ ఉంటాయి. చిన్నతనములో వాడు దీనికి తానే ఒక ఉపాయము చేసుకున్నాడు. పాత సైకిలు ట్యూబును పొడుగ్గా కోసి, పాదమును పెడల్‌తో కలిపి రెండు చుట్లు చుట్టి ముడి వేసేవాడు. పంక్చరు షాపు సాయిబు గారు ట్యూబు ముక్కలు ఊరికే ఇచ్చేవారు. పిల్లవాడు హైస్కూలుకు వెళ్లి వస్తున్నాడు కదా అని అందరము సంతోషించినాము.

2001లో, నాట్ల రోజులలో, గట్టు మీద వెనుక నుండి వచ్చిన ఒక లారీకి దారి ఇవ్వబోయి వాడు సైకిలుతో సహా కాలువ వాలులోకి దొర్లిపోయినాడు. సైకిలు పైన, వాడు క్రింద, నడుము వరకు నీళ్లు. ఎడమ కాలు విడిపించుకున్నాడు. కుడి పాదము ట్యూబుతో పెడల్‌కు బిగుసుకొని ఉన్నది. తడిసిన రబ్బరు ముడి వ్రేళ్లకు వదలదు. నారు కట్టలు మోసుకొని వస్తున్న ఇద్దరు ఆడవారు దిగి, కొడవలితో ట్యూబు కోసి బయటికి లాగినారు. దేవుని దయ వలన కొడవలి గీతలు తప్ప దెబ్బ తగలలేదు. వారిలో పెద్దావిడ ఇప్పటికీ మా ఇంటికి వస్తే, "నీ కాలు కోసినది నేనే కదయ్యా" అని నవ్వుతుంది. నాటి నుండి వాడు పాదమును దేనితోను కట్టుకోలేదు. రబ్బరు పెడల్ మీద గరుకు గోనె గుడ్డ చుట్టుకొని, జారినప్పుడల్లా చేతితో పాదమును తిరిగి పైన పెట్టుకొంటూ ఇన్నేండ్లు గడిపినాడు.

పోలియో వచ్చి ఎన్నో సంవత్సరములు గడిచిన తరువాత కొందరికి కండరముల బలహీనత, అలసట మళ్లీ ఆరంభము కావచ్చునని వైద్యులు చెబుతారు. రెండేండ్లుగా మా వానికి అటువంటిదే కనబడుచున్నది. పాదము ఇంతకు ముందుకంటె ఎక్కువగా జారుతున్నది. మిల్లుకు చేరేలోపల నాలుగైదుసార్లు ఆగవలసి వస్తున్నది. ఒక సాయంకాలము వచ్చి, సైకిలుకు స్టాండు వేసి, "ఇక మానేద్దామా నాన్నగారూ?" అన్నాడు. సైకిలు మానడమా, ఉద్యోగము మానడమా అని మేము అడగలేదు. ఆ దారిలో బస్సు రోజుకు రెండుసార్లే. అవి రెండూ ఒకటే.

మా పెద్ద కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేస్తున్నాడు. వానికి సైకిలు పిచ్చి. ఔటరు రింగు రోడ్డు ప్రక్కన సోలారు పలకల కప్పు క్రింద 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023 అక్టోబరులో ప్రారంభమైన తరువాత సెలవు దినాలన్నీ అక్కడే. తమ్ముని మాట ఫోనులో విని, వచ్చే నెలలో ఒక సంచి నిండ సామాను తెచ్చి వాకిట్లో పరిచినాడు. అందులో రెండు రకములు ఉన్నవి.

మొదటిది పాతది. పెడల్ ముందు భాగములో వ్రేళ్లు దూరడానికి ఒక చిన్న పంజరము, దానిలోనుండి పాదము మీదుగా పోయే ఒక పట్టీ. దీనిని టో క్లిప్పు అంటారు. వెనుకటి పందెపుగాండ్రందరు దీనినే వాడినారు. ఫ్రాన్సులో యూజెన్ క్రిస్టోఫ్ అనే ఆయన 1913 టూర్ డి ఫ్రాన్స్ పందెములో టూర్మలే కొండ మీద ముందు ఫోర్కు విరిగితే, సైకిలు మోసుకొని క్రింది గ్రామము దాకా నడిచి, కమ్మరి కొలిమిలో తన చేతులతోనే అతుకు వేసుకొని మళ్లీ బయలుదేరినాడు. కొలిమి తిత్తి ఊదడానికి ఒక కుర్రవాని సహాయము తీసుకున్నందుకు అధికారులు ఆయనకు శిక్ష కూడ వేసినారు! తరువాతి కాలములో ఈ పంజరములు, పట్టీలు ఆయన పేరుతోనే అమ్ముడుపోయినవి.

రెండవది క్రొత్త రకము. దీని పేరు క్లిప్‌లెస్ పెడల్, అనగా క్లిప్పు లేనిది. పాదమును గట్టిగా క్లిప్పు పెట్టినట్లు పట్టుకొనేది ఇదే, పేరు మాత్రము ఇది! పంజరము లేదు గనుక ఆ పేరు వచ్చినదట. బూటు అడుగున మరలతో బిగించిన ఒక చిన్న లోహపు ముక్క ఉంటుంది. పెడల్ మీద అడుగు వేసి నొక్కితే స్ప్రింగు పట్టుకుంటుంది. మడమను బయటి వైపుకు త్రిప్పితే టక్కున విడుస్తుంది. మంచు మీద జారే ఆటకు బూట్ల బిగింపులు తయారు చేసే లుక్ అనే ఫ్రెంచి కంపెనీ ఇటువంటి పెడల్‌ను 1984లో బజారులోకి తెచ్చినది. పడినప్పుడు బూటు ఊడకపోతే కాలు విరుగుతుందని మంచు ఆటవారికి ముందే తెలుసును గదా. మరుసటి ఏడు, 1985లో, బెర్నార్డ్ ఇనో ఆ పెడల్స్ మీదనే టూర్ గెలిచినాడు. 1990లో జపాను వారి షిమానో కంపెనీ ఆ ముక్కను చిన్నది చేసి, బూటు అడుగున గుంటలో దాగేలా అమర్చినది. అందువలన దిగిన తరువాత మామూలుగా నడవడము వీలైనది. మా పెద్దవాడు ఆఫీసుకు వేసుకొని వెళ్లేది ఈ రకమే.

పెద్దవాడు క్రొత్తదాని పక్షము. "నాన్నగారూ, ట్యూబు ముడి విప్పలేకనే కదా ఆనాడు ప్రమాదము. ఇది తనంత తానే ఊడుతుంది" అన్నాడు. మాటలో న్యాయము ఉన్నది. మాలో ఒకరికి అది వెంటనే నచ్చినది. రెండవవారు మాత్రము, "ఊడటానికి మడమ త్రిప్పాలి అన్నావు. వాడు మడమ త్రిప్పగలడా?" అని అడిగినారు. అడిగినది ఎవరో వ్రాయనక్కరలేదు. వాడికి చిన్నప్పటి నుండి నూనె రాసి కాలు మర్దన చేసినవారికే ఆ ప్రశ్న తోస్తుంది.

పెద్దవాడు ఆలోచించి, ఒక వైపుకే గాక అనేక వైపులకు లాగినా విడిచే ముక్క ఉన్నదని చెప్పి దానిని బిగించినాడు. స్ప్రింగు మరను కూడ పూర్తిగా వదులు చేసినాడు. పరీక్ష చేయకుండా రోడ్డు ఎక్కరాదని అందరము అనుకున్నాము. పరీక్ష ఎట్లా చేయాలో చిన్నవాడే చెప్పినాడు. గడ్డివాము దగ్గర వరిగడ్డిని మోకాలు లోతు పరిపించి, సైకిలు ఎక్కి, అన్నయ్యను వెనుక క్యారేజీ పట్టుకోమని, కుడి వైపుకు కావాలని పడినాడు. కుడి కాలు ఎటూ వానిని ఆపలేదు. కాబట్టి పడకుండా ఉంటాడా అని కాదు, పడిన తరువాత పాదము బయటికి వస్తుందా అన్నదే మేము చూడవలసినది. ఈ ముక్క వాడు చెప్పేవరకు మా ముగ్గురికీ తట్టలేదు సుమా.

క్రొత్త పెడల్‌తో పది సార్లు పడినాడు. ఆరు సార్లు పాదము ఊడినది. నాలుగు సార్లు ఊడలేదు. మంచి కాలు ఉన్నవాడు పడుతూనే తెలియకుండా మడమ మెలిపెడతాడు. వాని కాలికి ఆ మెలి లేదు. బూటు నేరుగా, చెక్క వలె, పెడల్‌తోపాటే వాలిపోతుంది. ఊడని నాలుగు సార్లు వాడు చేతితో చీలమండ పట్టుకొని త్రిప్పవలసి వచ్చినది. పైగా మోకాలు మెలికపడి నొప్పి.

పట్టీల సంగతి. తోలు పట్టీకి పళ్లు ఉన్న బకిలీ ఉంటుంది. కొన లాగితే బిగుస్తుంది, బకిలీని బొటనవ్రేలితో నెడితే వదులవుతుంది. పందెపుగాండ్రు బిగువుగా లాగుకొని, ఆగబోయే ముందు వంగి వదులు చేసుకొనేవారు. అది మరచినవారు ఆగిన చోటనే ప్రక్కకు కూలేవారు. మా వానికి బకిలీ ఇష్టము లేదు. ఆ పేరు వింటేనే కాలువ గుర్తు వచ్చినదేమో. పెద్దవాడు తెచ్చిన వాటిలో వెల్క్రో పట్టీ ఒకటి ఉన్నది. పిల్లల బడి బూట్లకు ఉండే గరగరలాడే అంటుడు పట్టీ అదే. దీనిని ముందరి పంజరముతో కలిపి బిగించి మళ్లీ గడ్డిలో పది సార్లు పడినాడు. ఒక్కసారి కూడ దానంతట అది ఊడలేదు గాని, పది సార్లూ వాడు చేయి చాపి ఒక్క లాగుతో విప్పుకున్నాడు. తరువాత కళ్లు మూసుకొని, గడ్డి మీద పడి, ఎడమ చేతితో విప్పినాడు. "నీళ్లలో ఉన్నా వస్తుంది అన్నయ్యా" అన్నాడు. అన్నయ్య సంచి సర్దుకోవడము మొదలుపెట్టినాడు.

ఇంకొక సంగతి కూడ లెక్కలోనికి వచ్చినది. పోలియో వచ్చిన కాలు పెరుగుదలలో వెనుకబడుతుంది. మా వాని కుడి పాదము ఎడమ దానికంటె రెండు సైజులు చిన్నది. క్లిప్‌లెస్ పెడల్‌కు ప్రత్యేకమైన బూటు కావలెను. బూట్లు జతగానే అమ్ముతారు. కాబట్టి ఇద్దరు మనుషులకు సరిపోయేటన్ని కొనవలెను, అదీ వేలల్లో. పట్టీ అయితే చెప్పు మీద కూడ పడుతుంది, ఖర్చు వందలలో పోతుంది. మన ఊళ్లలో ఎన్ని గడపల దగ్గర చెప్పులు విడుస్తామో లెక్కపెట్టి చూడండి: మిల్లు ఆఫీసు గది, బంధువుల ఇల్లు, గుడారపు కూటము, మందిరము. లేసుల బూటును ప్రతిచోట విప్పి తొడుక్కోవడము వంగలేని కాలికి ఎంత పని! ఇక వానాకాలములో నల్లమట్టి. ఆ జిగట బంకమట్టి బూటు అడుగు గుంటలో కూరుకుంటే లోహపు ముక్క పెడల్‌కు తగలదు. తగిలినా సరిగా విడవదు. హైదరాబాదు తారు రోడ్డు మీద ఈ బాధ ఉండదు.

ఎడమ కాలు విషయములో అన్నదమ్ములకు మళ్లీ వాదము వచ్చినది. పనంతా ఎడమ కాలే చేస్తున్నది గనుక దానికైనా క్రొత్త పెడల్ బిగిస్తే, నొక్కేటప్పుడే గాక పైకి లాగేటప్పుడు కూడ బలము కలుస్తుందని పెద్దవాని వాదన. వినడానికి బాగున్నది. రెండు కాళ్లు సరిగా ఉన్న సైకిలువారిని పరిశోధకులు కొలిచి చూచినప్పుడు, పట్టుబట్టి పైకి లాగడము వలన అదే వేగానికి శరీరము ఎక్కువ శక్తి ఖర్చు చేస్తున్నదని తేలినదట. మామూలు మనిషి క్రిందికి తొక్కడమే చేస్తాడు. ఒంటి కాలితో తొక్కేవానికి మాత్రము లాగుడు పనికి వస్తుందని పెద్దవాడు అన్నాడు, అదీ నిజమే. అయితే కుడి పాదము పట్టీలో నిలబడితే ఆ కాలి బరువే కుడి పెడల్‌ను క్రిందికి దింపుతుంది, ఎడమ పెడల్ దానంతట పైకి వస్తుంది. ఇన్నాళ్లు ఆ పాదము జారిపోవడము వలననే ఎడమ కాలికి అంత శ్రమ. చివరకు చిన్నవాడు ఒక్క మాటతో ముగించినాడు: "నేలకు ఆనేది నాకు ఒక్క కాలే. దానిని దేనికీ తగిలించను." గేదెలు అడ్డము వచ్చే దారి, కోళ్లు, ట్రాక్టర్లు, ఎదురుగా వచ్చి ఆపి క్షేమసమాచారము అడిగే పెద్దలు. ఆరు కిలోమీటర్లలో ఎన్నిసార్లు కాలు దించవలసి వస్తుందో మాకు తెలుసును.

రబ్బరు పెడల్‌కు పంజరము బిగించడానికి రంధ్రములు ఉండవు. అందువలన కుడి వైపుకు ఇనుప అంచులు ఉన్న పెడల్ తెప్పించవలసి వచ్చినది. సాయిబు గారు ఇప్పుడు లేరు, ఆయన కుమారుడు షాపు నడుపుతున్నాడు. అతడే బిగించినాడు. ఇంట్లో మార్చుకొనేవారికి ఒక మాట: కుడి పెడల్ మామూలు మర, ఎడమ పెడల్ మాత్రము తిరుగుడు మర. తెలియక బలవంతముగా త్రిప్పితే క్రాంకు మరలు పాడవుతాయి. కాలు పొట్టి గనుక పెడల్ మీద అంగుళము మందము వేప చెక్క ఒకటి కూడ బిగించినాడు. వాళ్ల అమ్మ వెల్క్రో కొనకు ఎర్రని గుడ్డ చెవి ఒకటి కుట్టినది, తడి చేతికి కూడ దొరకాలని. పాదము ఎంత బిగువులో ఉంటే ప్రక్కకు జారదో, అయినా వెనుకకు లాగితే వస్తుందో చూచి, అక్కడ పట్టీ మీద దారముతో గుర్తు వేసినది. వాడు ఆ గుర్తు దాటి బిగించడు.

పట్టీకి లోపములు లేకపోలేదు. దుమ్ము, పీచు పట్టి వెల్క్రో అంటుడు తగ్గుతుంది. పాత పండ్లు తోముకొనే బ్రష్షుతో వారానికి ఒకసారి గోకుతాడు, వానాకాలము వెళ్లగానే మారుస్తాడు. వేరే ఎవరైనా సైకిలు తీసుకొని పోతే పంజరము తలక్రిందులై రోడ్డుకు రాసుకుంటుంది. మనుమలు దానిలో కాలు పెట్టి ఆడబోతే కోప్పడవలసి వస్తున్నది.

రెండు కాళ్లు మంచిగా ఉండి, ప్రతి దినము దూరము తొక్కే యౌవనస్థులు మమ్ములను అడుగుతూ ఉంటారు. తారు రోడ్డు, ఒకటే దూరపు ప్రయాణము, బూట్లు వేసుకొనే ఉద్యోగము అయితే మా పెద్దవాని పద్ధతి మంచిదే. అతడు ఒక వైపు కొక్కెము, ఒక వైపు చదును ఉన్న పెడల్ వాడతాడు. గుంపులో చదును వైపు తొక్కుతాడు, ఖాళీ దారిలో తగిలించుకుంటాడు, సిగ్నలు దూరములో కనబడగానే ఎడమ పాదము విడిపించుకుంటాడు. క్రొత్తవారు గోడ పట్టుకొని తగిలించడము, విడిపించడము బాగా అలవాటు చేసుకొనే వరకు రోడ్డు ఎక్కవద్దని అతని సలహా. పల్లెలో, చెప్పులతో, క్యారేజీ మీద బియ్యపు మూటతో తిరిగేవారికి ఈ రెండూ వద్దని మా అభిప్రాయము. గరుకు పెడల్ చాలును. పట్టీ తప్పనిసరి అయితే వదులుగా ఉంచుకొనేది, చేతికి వెంటనే ఊడేది చూచుకొనండి. ట్యూబుతోను, తాడుతోను, తువ్వాలుతోను ముడి వేసి కట్టవద్దు. మీ ఊరిలో ఏ పిల్లవాడైనా కట్టుకుంటున్నట్లు చూస్తే ఆపి చెప్పండి.

మా వాడు ఇప్పుడు మిల్లుకు ఒక్కసారి కూడ ఆగకుండా చేరుతున్నాడు. సాయంకాలము ఎదురుగాలి ఉంటే మధ్యలో వంతెన దగ్గర దిగి కూర్చుంటాడు; అలసట వచ్చేదాకా తొక్కవద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పినారు, ఆ మాట వినేలా మేము చూస్తున్నాము. పోయిన నెలలో ప్రక్క ఊరి నుండి ఇటువంటి కాలే ఉన్న ఒకాయన, వయస్సులో వీనికంటె పెద్ద, వెతుక్కుంటూ వచ్చినాడు. చిన్నవాడు ఆయనను అరుగు మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, టేపు తెచ్చి రెండు పాదములు కొలిచినాడు. కొలిచే ముందు ఒకటే ప్రశ్న అడిగినాడు: "బాబాయిగారూ, మీరు ఆగినప్పుడు ఏ కాలు దించుతారు?" ఆయన కొంచెము ఆలోచించి, కుడిది అని చెప్పినాడు. ఆయనకు పట్టీ ఎడమ వైపు కావలెను. పెద్దవానికి ఆ రాత్రే ఫోను చేసి, చిన్న సైజు పంజరము ఒకటి పంపమన్నాము.